కాసేపు విననివ్వండి

పొయ్యి మీద నీళ్ళు పెట్టాలి. ఆవిడ వీపు వెనక దిండ్లు సర్ది ఎత్తు సరిచూడాలి. రాత్రి ఇచ్చిన బిళ్ళ మింగిందో, బుగ్గన పెట్టుకుని తర్వాత ఊసేసిందో మంచం కింద వెతికి చూడాలి. జావ కాచి, చల్లార్చి, మూత పెట్టి చేతికందేలా ఉంచాలి. మంచం కోడుకు కట్టిన తాడు బిగించాలి. అది పట్టుకునే ఆవిడ లేచి కూర్చునేది. తడిబట్టలు తీగ మీద వేయాలి. ఎదురింటి కుట్టుమిషనావిడకు ఒక మాట చెప్పి పోవాలి. కళ్ళజోడు తుడుచుకోవాలి. ఇవన్నీ అయ్యాక, ఇవాళ మాత్రం మరిచిపోకుండా, ఆవిడ పాటలపెట్టె జేబులో వేసుకోవాలి.

ముందువన్నీ ఆయన చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. చివరి పనే ఎన్నాళ్ళ నుంచో రేపు, ఎల్లుండి అనుకుంటూ వెనక్కి పోతోంది.

పాటలపెట్టె అని ఇంట్లో పిలుస్తారు గానీ పెట్టెంత ఉండదు. అగ్గిపెట్టెకు అన్నలా ఉంటుంది. ముందు గోరంత తెర, పక్కన మూడు మీటలు, పైన ఇయర్‌ఫోన్ పిన్ను దూర్చుకునే రంధ్రం. ఒకప్పుడు నీలంరంగు. ఆవిడ బొటనవేలు ఆనేచోట ఆ నీలం అరిగి తెల్లగా పల్లం పడింది. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆవిడ ప్యాకింగు లైను మీద నిలబడినన్నాళ్ళూ అది నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలో ఉండేది. ఆ ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. కెమెరా లేని ఇలాంటి ప్లేయర్లను మాత్రం లోపలికి రానిస్తారు. అందుకే ఊరంతా మరిచిపోయిన ఈ వస్తువు ఆ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఇంకా బతికుంది. వాటిని బాగుచేసే పని మీద ఆయన కూడా అందుకే ఇంకా బతుకుతున్నాడు.

అట్టల పొడి ఆవిడ ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఇప్పుడు ఆవిడకు ఊపిరి అన్నది దానంతటది జరిగే పని కాదు. కూర్చుని, పట్టుబట్టి చేయాల్సిన పని. ఒక్క లయలో, తొందరపడకుండా తీసి వదలమని డాక్టరు చెప్పాడు. ఆవిడ అందుకు ఒక పాత పాట ఎంచుకుంది. సాగదీసి పాడే నెమ్మదైన పాట. ఒక చరణానికి ఊపిరి లోపలికి, తర్వాతి చరణానికి బయటికి. కళ్ళు మూసుకుని ఆ పాట వెంటే నడిచి నిద్రలోకి జారుకునేది. కొన్నాళ్ళుగా ఆ పాట మధ్యలో ఎక్కిళ్ళు పెడుతోంది. పాట ఆగినచోట ఆవిడ ఊపిరీ ఆగి, తడబడి, దగ్గు అందుకుంటుంది. దగ్గు తగ్గేసరికి పెదవులు నల్లబడి ఉంటాయి. మళ్ళీ మొదటి నుంచి పాట. మళ్ళీ ఎక్కిలి.

నిన్న రాత్రి అలా తెల్లారింది.

ఆయన పెట్టె నుంచి పిన్ను లాగుతుంటే ఆవిడ కళ్ళు తెరిచింది.

“అది ఉంచండి.”

“బాగుచేసి తెస్తానే.”

“ఆగి ఆగైనా... పాడుతోందిగా.” మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగింది.

“ఆగి ఆగి పాడితే అదేం పాట? సాయంత్రానికి నీ చేతిలో పెడతాను.”

“మీరు షాపుకి పట్టుకెళ్ళినవి... ఇంటికొచ్చాయా ఎప్పుడైనా? ఇస్త్రీపెట్టె ఏదీ?”

“ఇస్త్రీపెట్టె కథ వేరు.”

“ఫ్యాను?”

“ఫ్యాను కథా వేరే.”

ఆవిడ నవ్వబోయి మానుకుంది. నవ్వంటే ఊపిరి ఖర్చు. చేత్తో, పోండి పోండి అన్నట్టు సైగ చేసి గోడవైపు చూసింది. ఆయన జావగిన్నె మీద మూత సరిచేసి, చెంచా దాని మీద అడ్డంగా పెట్టి, బయటికి నడిచాడు.

సందు సన్నం. ఇటు గుమ్మంలో నిలబడి అటు గుమ్మంలో మనిషికి చెంచా అందించవచ్చు. ఎదురింటావిడ అప్పుడే మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఆయన్ను చూసి దారం పళ్ళ మధ్యే ఉంచుకుని తలాడించింది.

“చూస్తుంటాలే అన్నయ్యా. నువ్వు రోజూ చెప్పాలా?”

“ఇవాళ పాట లేదమ్మా దానికి. నేను పట్టుకెళ్తున్నాను.”

“అయ్యో, మరి పొద్దు పోయేదెలా వదినకి?”

“ఒక్కపూటేగా,” అన్నాడాయన.

*

షాపు మార్కెట్టు భవనంలో నేలకింది అంతస్తులో ఉంది. మెట్లు దిగుతుంటేనే కరిగిన సీసం వాసన, పాత రబ్బరు వాసన, ఎవరో పోసిన టీ వాసన కలిసి ఎదురొస్తాయి. ముందు కౌంటరు. అక్కడ ఓనరు వాళ్ళక్క కూర్చుంటుంది. అందరికీ ఆవిడ కౌంటరక్క. వెనక చెక్క అడ్డుగోడ. దాని వెనక బల్ల, బల్ల మీద మెడ వంచిన దీపం, భూతద్దం, పట్టకార్లు, స్పిరిటు సీసా, మీటరు. బల్ల ముందు ఆయన. ఈ కుర్చీలో మొదటిసారి కూర్చున్నప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేది. షాపు పెట్టిన పెద్దాయన పోయి, కొడుకు ఓనరయ్యాడు. కుర్చీ మాత్రం మారలేదు. దాని సీటు చిరిగిన చోటల్లా ఆయనే టేపు అంటించుకుంటూ వచ్చాడు. ఇప్పుడది కుర్చీ కంటే టేపే ఎక్కువ.

ఆయన అసలు పేరు ఆ మార్కెట్టులో ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆయన్ను “విననివ్వండి గారు” అంటారు. బాగుచేసిన ప్లేయరును ఒక పూర్తి పాట మొదటి నుంచి చివరిదాకా వినకుండా ఆయన ఎవరికీ ఇవ్వడు. చెవుల మీద పెద్ద హెడ్‌ఫోను పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. ఎంత తొందరలో ఉన్న మనిషి అరిచినా అరచెయ్యి పైకెత్తి, “కాసేపు విననివ్వండి” అంటాడు. ఆ చెయ్యి లేచిందంటే ఓనరైనా నోరు మూసుకోవాల్సిందే. అది పెద్దాయన పెట్టిన పద్ధతి. తన ఫోను కూడా ఆ వేళ సొరుగులో పడేస్తాడు. చెవిలో పాట ఉండగా ఇంకో మోత పనికిరాదు.

ఆ షాపులో ఇంకో పద్ధతీ ఉంది. గోడ అరలో, అద్దం మూత ఉన్న డబ్బాలో ఒక ప్లేయరు ఉంటుంది. కొన్న రోజు నుంచి దాని స్క్రూ ఎవరూ విప్పలేదు. దాన్ని “సాక్షి” అంటారు. ఏ ప్లేయరైనా సరిగ్గా పాడుతోందా లేదా అని గొడవ వస్తే అదే పాట సాక్షిలో పెట్టి వినిపిస్తారు. సాక్షి చెప్పిందే మాట. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. “సాక్షిని పిలవండి, ప్రమాణం చేయించండి” అని ఎగతాళి చేసేవాళ్ళు. విన్నాక మాట్లాడేవాళ్ళు కాదు.

బల్ల కింద శవాల డబ్బా. పనికిరాకుండా పోయిన ప్లేయర్లన్నీ అందులో పడుంటాయి. ఇవి తయారుచేసే కంపెనీ ఎప్పుడో ఆ పని మానేసింది. విడిభాగాలు రావు. చచ్చినవాటి నుంచి తీసి బతికినవాటికి పెట్టడమే వైద్యం. ఎక్కడో దూరాన ఒక పాతసామాన్ల వ్యాపారి దగ్గర వాడని బ్యాటరీ ఒకటి మిగిలిందని తెలిసి, ఆయన దాని కోసం పోరగా పోరగా నిన్ననే వచ్చింది. కాగితంలో చుట్టి సొరుగు మూలన పెట్టుకున్నాడు. అది ఆవిడ కోసం.

ఆయన ఇంకా కుర్చీ ముందుకి జరుపుకోకుండానే బాయిలరు ఆపరేటరు దిగాడు. మనిషి బాయిలరంత ఉంటాడు. గొంతు దానికి తగ్గట్టే ఉంటుంది.

“విననివ్వండి గారూ! నా పాటకి నత్తి వచ్చిందండీ. ఒక్క మాట పట్టుకుని పదిసార్లు అంటోంది, మా మావగారిలాగ.”

“వదిలి వెళ్ళండి. చూస్తాను.”

“వదిలి వెళ్ళేదెక్కడికి? ఇంకాసేపట్లో డ్యూటీ. ఆ మంట ముందు పాట లేకుండా నిలబడమంటారా? మీరొచ్చి నిలబడతారా?”

కౌంటరక్క నవ్వింది. “ఆయనొచ్చి నిలబడితే బాయిలరుకి కూడా చెయ్యెత్తి విననివ్వమంటాడు.”

ఆయన నవ్వలేదు. ప్లేయరు తీసుకుని పని మొదలుపెట్టాడు. పాట ప్రతిసారీ ఒకే చోట ఆగితే తప్పు పాటలో ఉంది. వైరు కదిపినప్పుడు ఆగితే రంధ్రంలో ఉంది. ఎక్కడ పడితే అక్కడ ఆగితే లోపల ఉంది. ఇది ఎక్కడ పడితే అక్కడ ఆగుతోంది. పాటలుండే మెమరీ కార్డు తీసి, దాని రాగిపళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. తేడా లేదు. వేరే కార్డు పెట్టాడు. అదే నత్తి. వెనక మూత విప్పి మీటరు ముళ్ళు ఆనించాడు. పాట కార్డు నుంచి మాట అందుకునే ప్రతిసారీ బ్యాటరీ సొమ్మసిల్లి లేస్తోంది. అది ఉబ్బి, మూతను లోపలి నుంచి తోస్తోంది.

“బ్యాటరీ పోయింది.”

“వేరేది వేయండి.”

“లేదు,” అన్నాడాయన. తర్వాత, “ఉన్నది ఒకటే,” అన్నాడు.

అలా అనకుండా ఉండాల్సింది. అడ్డుగోడ పైనుంచి ఓనరు తల తొంగిచూసింది.

“ఒకటుందిగా బాబాయ్, వేసెయ్. నీకు ఇంకోటి తెప్పిద్దాంలే. వాళ్ళది డ్యూటీ. మనదేముంది, ఇంట్లో ఉండేదే కదా.”

ఇంట్లో ఉండేదే కదా. ఈ మాట ఆయన ఓనరు నోట వినడం ఇదే మొదలు. కానీ తన లోపల తానే ఎన్నోసార్లు అనుకున్న మాట. చేతులు అప్పటికే సొరుగు తెరిచాయి. కాగితం విప్పాయి. బాయిలరు ఆపరేటరు ప్లేయరు పూర్తి పాట పాడి, చేతులు మారి, మెట్లెక్కి వెళ్ళిపోయింది. “మీ నోట్లో పంచదార పొయ్య!” అని పైనుంచి కేక వినిపించింది.

*

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆయన ఆవిడ పాటలపెట్టె బల్ల మీద పెట్టి స్క్రూలు విప్పాడు.

శవాల డబ్బాలోంచే ఏదో ఒక బ్యాటరీ వెతికి వేద్దామనుకున్నాడు. దీపం దగ్గరికి లాక్కుని భూతద్దంలోంచి చూశాడు. చూసి, పట్టకారు పక్కన పెట్టాడు.

పిన్ను దూర్చే రంధ్రం దానితో వచ్చింది కాదు. తుప్పు పట్టింది. అసలుది ఎక్కడుందో ఆయనకు తెలుసు. గేటు వాచ్‌మన్ ప్లేయరులో ఉంది. ఆ రోజు వాచ్‌మన్ పాపం తొందరలో ఉన్నాడు. కార్డు పెట్టే గూడు దానిది కాదు. అసలుది క్యాంటీను వంటావిడ దానికి వెళ్ళింది. మధ్య మీట మార్చింది. తెర తీగ మార్చింది. బ్యాటరీ మూడోదో నాలుగోదో. ఏదో చిన్న రిపేరుకని దీన్ని షాపుకి తెచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు తొందరలో ఉన్నారు. ప్రతిసారీ ఆయన, ఇవాళ్టికి దీన్నుంచి తీసి ఇచ్చి, రేపు దీనికి మంచిది వేద్దాం అనుకున్నాడు. ఆ రేపు శవాల డబ్బాలోంచి ఏదో ఒకటి తీసి అతికించాడు. ఒక్కోసారీ ఒక్కటే తీశాడు. ఒక్కోటీ చిన్నదే. అన్నీ కలిపి ఒక్కచోట, దీపం కింద, ఇవాళే చూశాడు.

ఆవిడ చేతిలో మిగిలింది నీలం డొక్కు. లోపలున్నదంతా చచ్చినవాటి సామాను.

పాట ఎందుకు ఆగుతోందో వెతకాల్సిన పనే లేకపోయింది. ఆపింది తనే.

ముందు కౌంటరు దగ్గర ఎవరో ఇయర్‌ఫోను కొనడానికి బేరమాడుతున్నారు. ఓనరు భోజనానికి వెళ్ళాడు. ఆయన లేచి, గోడ అర దగ్గరికి వెళ్ళి, అద్దం మూత ఎత్తి, సాక్షిని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

దాని స్క్రూల తలలు ఇంకా మెరుస్తున్నాయి. మొదటి స్క్రూ కదలనంది. రెండోసారికి చిన్న చప్పుడు చేసి లొంగింది. ఆ చప్పుడుకు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మూత లేచింది. లోపల దుమ్ము లేదు, తుప్పు లేదు, ఎవరి చెయ్యీ పడలేదు. తయారైనప్పుడు ఎలా అతికించారో ఎక్కడివక్కడ అలాగే ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆయన ఇంత శుభ్రమైన ప్లేయరు లోపలిని చూడలేదు.

సీసం కరిగించే ఐరను వేడెక్కింది. ఆయన రంధ్రం తీశాడు, గూడు తీశాడు, బ్యాటరీ తీశాడు. సాక్షిలోవి తీసి నీలం డొక్కులో పెట్టాడు. నీలం డొక్కులోవి సాక్షిలో పెట్టి, మూత బిగించి, అద్దం డబ్బాలో యథాస్థానంలో ఉంచాడు. పైకి చూస్తే సాక్షి సాక్షిలాగే ఉంది. ఈసారి ఏ గొడవకో దాన్ని పిలిస్తే అది నత్తిగా అబద్ధం చెబుతుంది. అప్పుడు ఓనరు ఏమంటాడో ఆయనకు తెలుసు. ఆ కుర్చీ, ఆ టేపు, అంతా పోతుంది. ఎప్పుడో పోయేదే, అనుకున్నాడు. అలా అనుకుని భయపడకపోవడం ఆయనకే కొత్తగా ఉంది.

ఫోను సొరుగులో ఉంది. హెడ్‌ఫోను చెవుల మీదికి లాక్కున్నాడు. ఆవిడ పాట పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆ పాట ఆయన లెక్కలేనన్నిసార్లు విన్నాడు. కానీ ఎప్పుడూ తప్పు కోసమే విన్నాడు. ఎక్కడ చిటపటమంటుంది, ఎక్కడ ఒక చెవి మూగపోతుంది, ఎక్కడ గెంతుతుంది అని కాపలా కాస్తూ విన్నాడు. ఇవాళా అలాగే మొదలుపెట్టాడు. మొదటి చరణం దాటింది. రెండోది దాటింది. ఎక్కిలి లేదు. పాట నూనె రాసినట్టు సాగింది.

అప్పుడు కాపలా మాని, ఆవిడ చేసినట్టు చేసి చూద్దామనిపించింది. ఒక చరణానికి ఊపిరి లోపలికి తీశాడు. చరణం ఇంకా ఉండగానే ఆయన ఛాతీ నిండిపోయింది. బిగబట్టాడు. తర్వాతి చరణానికి వదిలాడు. సగంలోనే ఖాళీ అయిపోయాడు. ఇంత పొడుగా ఇది? నిండుగా ఊపిరి ఉన్న తనకే అందడం లేదు. ఆవిడ దీని వెంట ఎలా నడుస్తోంది?

భుజం మీద ఎవరో తట్టారు. ఆయన కళ్ళు తెరవలేదు. అరచెయ్యి పైకి లేచింది.

“కాసేపు విననివ్వండి.”

తట్టిన చెయ్యి ఒక క్షణం భుజం మీదే ఉండి తప్పుకుంది.

పాట అయిపోయింది. పద్ధతి ప్రకారం అక్కడితో హెడ్‌ఫోను తీసేయాలి. ఆయన తీయలేదు. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. ఈసారి రెండో చరణం చివరిదాకా ఊపిరి సరిపెట్టగలిగాడు. మూడోదాని దగ్గర ఓడిపోయాడు. అయినా ఏదో గెలిచినట్టే ఉంది. ఇవాళ రాత్రి మంచం పక్కన కింద పడుకుని ఆవిడతో పాటు తీసి వదలాలి అనుకున్నాడు. ఇద్దరికీ చెరో చెవి. అలా ఎప్పుడూ వినలేదు ఇద్దరూ కలిసి.

హెడ్‌ఫోను తీసి, పాటలపెట్టెను మెత్తటి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకుని, ముందుకి వచ్చాడు. కౌంటరు నిండా జనం. షిఫ్టు దిగినవాళ్ళు. కౌంటరక్క ఒకరికి చిల్లర ఇస్తూ, ఆయన్ను చూసి నాలుక కరుచుకుంది.

“బాబాయ్! ఇందాక చెబుదామనే వచ్చా. నువ్వు చెయ్యెత్తావు. ఈలోగా వీళ్ళంతా మీద పడ్డారు. మీ ఎదురింటావిడ ఇక్కడికి ఫోను చేసింది. పిన్నికి ఆయాసం ఎక్కువగా ఉందట. వీలైతే తొందరగా రమ్మంది.”

“ఎప్పుడు?”

“నువ్వు వింటున్నప్పుడే.”

ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని మెట్లెక్కాడు.

*

సందు మొదట్లోకి వచ్చేసరికి ఆయనకు మిషను చప్పుడు వినిపించింది. ఎదురింటావిడ కుడుతోంది. అయితే ఏం పర్లేదు, అనుకున్నాడు. కంగారైతే కుడుతూ కూర్చోదుగా. అడుగు నెమ్మదించింది. ఛాతీ మీద చెయ్యి వేసుకుని, పాట చరణంలాగే ఒకసారి పొడుగ్గా ఊపిరి తీసుకున్నాడు.

ఆయన గుమ్మం ముందుకి రాగానే మిషను ఆగింది.

ఎదురింటావిడ లేచి వచ్చింది. భుజాన కొలతల టేపు వేలాడుతూనే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“అన్నయ్యా,” అంది. ఆ పిలుపుతోనే ఆయనకు తెలిసిపోయింది.

ఆవిడ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంది. తల కాస్త కిటికీవైపు ఒరిగి ఉంది. ఎవరో కళ్ళు మూశారు. దుప్పటి మోకాళ్ళదాకా సర్ది ఉంది. జావ సగం తాగింది. ఆయన మంచం పక్కన నిలబడి, ఎందుకో, కోడుకు కట్టిన తాడు గట్టిగా ఉందో లేదో లాగి చూశాడు.

“మధ్యాహ్నం దాకా బానే ఉంది,” అంది ఎదురింటావిడ గుమ్మంలోంచి. “నేను కుట్టుకుంటుంటే మీ కిటికీ తెరుచుకుంది. చూద్దును కదా, వదిన! తనే లేచి వచ్చి నిలబడింది. ఎందుకు లేచావు, పడతావు అన్నా. ‘మిషను ఆపకు’ అంది. అంతే. వెళ్ళి కూర్చుంది.”

ఆయన వింటున్నాడు.

“ఆయాసం ఎక్కువైందని నేనొచ్చి కూర్చుంటే, ఇక్కడొద్దు పో, అక్కడికెళ్ళి కుట్టు అని చెయ్యి చూపిస్తుంది. నీకు ఫోను చేశా, తీయలేదు. షాపుకి చేసి చెప్పా. డాక్టరు దగ్గరికి పోదామంటే తల అడ్డంగా ఊపింది. నేను మిషను ఆపినప్పుడల్లా దగ్గు వస్తోంది అన్నయ్యా. తొక్కుతుంటే నెమ్మదిస్తోంది. కుట్టాల్సిన గుడ్డ అయిపోయింది. పాతగుడ్డ ఒకటి పెట్టి దాని మీదే కుడుతూ కూర్చున్నా. దాని మీదే, మళ్ళీ దాని మీదే. మధ్యలో చూస్తే నిద్రపోయిందనుకున్నా. లేపడమెందుకని ఇంకా తొక్కుతూనే ఉన్నా.” ముక్కు తుడుచుకుంది. “వచ్చి చూశాక కూడా ఏం చెయ్యాలో తోచక, నువ్వొచ్చేదాకా మళ్ళీ అదే తొక్కుతూ కూర్చున్నా.”

ఆయన ఏ వేళకు జరిగిందని అడగలేదు. అడిగితే ఆ వేళకు తన చెవుల్లో ఏ చరణం ఉందో లెక్క తేలుతుంది.

జేబులో చెయ్యి పెట్టి, గుడ్డచుట్టను పట్టుకున్నాడు. బయటికి తీయలేదు.

*

మిగతావన్నీ జరగాల్సినట్టు జరిగిపోయాయి. వచ్చినవాళ్ళు వచ్చి వెళ్ళారు. ఆయన మళ్ళీ మెట్లు దిగి షాపుకి వెళ్ళాడు. ఓనరు, “ఇంకొన్నాళ్ళు ఉండాల్సింది బాబాయ్,” అన్నాడు. “ఇంట్లో ఏం చేస్తాను,” అన్నాడాయన. ఆ మధ్యాహ్నం ఓనరు భోజనానికి వెళ్ళాక, సాక్షిని దించి, నీలం డొక్కులోవన్నీ తీసి ఎక్కడివక్కడ మళ్ళీ సాక్షికి అతికించాడు. ఒక పూర్తి పాట విన్నాడు. తప్పు లేదు. అద్దం మూత వేశాడు. ఎవరికీ ఏమీ తెలియలేదు. తెలియాల్సిన అవసరమూ లేకపోయింది. నీలం డొక్కును ఒకసారి చొక్కాకు తుడిచి, శవాల డబ్బాలో వేశాడు.

బాయిలరు ఆపరేటరు ఇయర్‌ఫోను కొనుక్కోవడానికి వచ్చి, “విననివ్వండి గారూ, నత్తి వదిలిపోయిందండీ, గడగడా పాడుతోంది!” అన్నాడు. ఆయన తల ఊపాడు. ఇప్పుడు ఆయన చెయ్యెత్తడం మానేశాడు. వింటున్నప్పుడు ఎవరైనా భుజం తడితే ఉలిక్కిపడి లేచి నిలబడతాడు. “కూర్చోండి, ఏం లేదు, ఊరికే” అంటారు వాళ్ళు. మళ్ళీ కూర్చుంటాడు. పాట ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోతాడు. ఎప్పుడైనా ఒక తప్పు చెవిన పడకుండా పోతే ఓనరు ఏమీ అనడు. వయసైపోతోందిలే అని కౌంటరక్కతో మెల్లగా అంటాడు. అది అడ్డుగోడ ఇవతలికి వినిపిస్తుంది.

పొద్దున్నే పొయ్యి మీద నీళ్ళు పెడతాడు. దిండ్లు సర్దాల్సిన పని లేదు గనక చాలా ముందే తయారైపోయి, గుమ్మంలో ఊరికే కూర్చుంటాడు. ఎదురింటావిడ మిషను మొదలుపెట్టగానే లేచి వెళ్ళిపోతాడు.

ఆయన సంగతి అలా ఉండనివ్వండి. ఆయన్ను తలుచుకోవడానికి ఆయన చేతిలో బాగైన ప్లేయర్లు పట్టుకెళ్ళిన తొందర మనుషులు ఆ ఫ్యాక్టరీ నిండా ఉన్నారు. నేను అడిగేది ఆవిడ కోసం. ఆవిడ ఫొటో ఒక్కటీ సరైనది లేదు. లైను మీద తనతో నిలబడినవాళ్ళకు కూడా ఆవిడ గొంతు గుర్తులేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని పనిచేసేచోట ఒకరి గొంతు ఒకరికి తెలియదు. మీరైనా ఎప్పుడైనా, తీరిక దొరికితే, ఆవిడను ఒక్కసారి తలుచుకోండి. తాడు పట్టుకుని లేచి, గోడ పట్టుకుని కిటికీదాకా నడిచి, గాలికి రెక్క మూసుకుపోకుండా ఖాళీ మందుల డబ్బా అట్టను చింపి, మడతమీద మడత పెట్టి, రెక్కకూ చట్రానికీ మధ్య దూర్చి వెళ్ళిన మనిషిని తలుచుకోండి. ఆ అట్టముక్క ఇంకా అక్కడే ఉంది. కిటికీ తెరిచే ఉంది.